సేమ్ అనే మాటకి దీపం లేదు

నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను. నాకు ఇంగ్లీషు రాదు. రాదని వాళ్లకీ తెలుసు. అందుకే, నా కూతురి తలకి టోపీ తగిలించి యంత్రం మీద పసుపు దీపం వెలిగినప్పుడు, "ఇదేంది డాక్టరుగారూ, ఆకుపచ్చది వెలగాలన్నారుగా?" అని నేనడిగితే, ఆయన నావైపు తిరగనైనా తిరగకుండా, "సిమిలర్ అని వచ్చిందమ్మా. అంటే అదేలే," అన్నాడు.

అదేలే!

ఆ మాట అన్నాయనకి ఇప్పటికీ నిద్ర పడుతోంది. నాకు పట్టడం లేదు.

చీరాలలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొస్తే దానికి సరిపడే జాకెట్టు ముక్క, ఫాల్సు, లంగా గుడ్డ ఇస్తాం. కొట్లో కూర్చునేది నేను, మిషను మీద ఫాల్సు కుట్టేది మా ఆయన సాంబశివరావు. నాకు భయం ఎక్కువ. పిల్లలు కాలేజీ నుంచి కాస్త ఆలస్యమైతే బస్సు బోల్తా పడినట్టే అనిపిస్తుంది. కుక్కరు కూత వేస్తే పేలుతుందేమోనని వంటింట్లోకి పోను. "నీ భయాలన్నీ వేస్తే ఏ పేపరుకీ పేజీలు చాలవే," అని మా ఆయన నవ్వేవాడు. నిజమే, అన్నిటికీ భయపడ్డాను. జరిగింది మాత్రం నేను భయపడని ఒకే ఒక్క సంగతి.

మాకు కవల పిల్లలు. నీరజ, జలజ. పేర్లు మా అత్తగారు పెట్టింది. రెండింటికీ తామరపువ్వనే అర్థం. "తామరకి పేర్లకేం కొదవే, నువ్వింకో నలుగుర్ని కన్నా సరిపోతాయి," అని పురిటి మంచం దగ్గరే నన్ను ఏడిపించింది. ముందు పుట్టింది నీరజ. కాసేపటికి జలజ. మా ఇళ్లలో కవలల్లో వెనక పుట్టినదే పెద్దది. కడుపులో ముందు పడ్డది లోపలికి సర్దుకుంటుందట, తర్వాత వచ్చింది గుమ్మం దగ్గరే ఉండి ముందు బయటపడుతుందట. అది నిజమో కాదో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం జలజే అక్క, నీరజ చెల్లెలు.

చూసేవాళ్లకి ఇద్దరూ ఒకటే. "సేం టు సేమ్ ఉన్నారమ్మా, ఎట్టా గుర్తుపడతావు?" అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. గుర్తుపట్టడానికేముంది. నీరజది కుడిచెయ్యి, జలజది ఎడమచెయ్యి. ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఒకతి అద్దంలో చూసుకుంటున్నట్టు ఉండేది. నీరజకి మాట ముందు, ఏడుపు వెనక. జలజకి రెండూ ఉండవు. ఊరికే చూస్తుంది. ఆ చూపుకి తట్టుకోలేక మనమే నిజం చెప్పేస్తాం.

వాళ్లు తొమ్మిదో తరగతిలో ఉండగా, విజయవాడ అవతల కొత్తగా పెట్టిన స్మృతి కేంద్రం వాళ్లు బడికి వచ్చారు. తలకి వల లాంటి టోపీ పెట్టి ఒక పూట కూర్చోబెడితే, తలలో ఉన్న జ్ఞాపకాలన్నీ వేలెడంత గాజు బిళ్లలోకి ప్రతి తీస్తారట. దాన్ని చలిగదిలో దాస్తారట. రేపెప్పుడైనా తలకి దెబ్బ తగిలి అన్నీ పోతే, ఆ బిళ్లలోంచి మళ్లీ రాసిపెడతారట. కవలలంటే వాళ్లకి మరీ సరదా. మా ఆయన వద్దన్నాడు. నేనే ఒప్పించాను. బస్సులు బోల్తా పడే లోకంలో ఒక ప్రతి ఉంటే మంచిదేగా అనుకున్నాను.

పేర్లు రాయకూడదని వాళ్లకి రూలు. "మీలో పెద్దెవరమ్మా?" అని అడిగిందొక అమ్మాయి. జలజ ఎడమచెయ్యి ఎత్తింది. నాకు బాగా గుర్తుంది. బిళ్లల మీద 'పెద్ద', 'చిన్న' అని అతికించుకుని వెళ్లిపోయారు.

ఇంటర్ మొదటి ఏడాదిలో జలజకి మెదడువాపు జ్వరం వచ్చింది. బతికింది. కానీ కళ్లు తెరిచి నన్ను చూసిన చూపు, బస్సులో పక్క సీటావిడని చూసే చూపు. అమ్మ అన్న మాట లేదు. చెంచా చేతికిస్తే దాన్నేం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు పరుగెత్తుకుంటూ ఆ కేంద్రానికి తీసుకుపోయాం.

అక్కడి పెద్ద డాక్టరు పేరు ఫణీంద్ర. మెత్తగా మాట్లాడతాడు. యంత్రం చూపించాడు. జ్వరానికి కాలిపోకుండా జలజ మెదడులో అక్కడక్కడా మిగిలినవాటిని బిళ్లలో ఉన్నదానితో ముందు పోల్చి చూస్తుందట. మూడు దీపాలు. ఎర్రది వెలిగితే లైక్. పసుపైతే సిమిలర్. ఆకుపచ్చయితే ఐడెంటికల్.

"ఆకుపచ్చ రావాలమ్మా, వస్తుంది," అన్నాడు.

బయట వరండాలో నీరజ చెయ్యి పట్టుకుని అడిగాను. "ఏందే ఆ మూడు మాటలు? మూడూ ఒకటేగా?"

"ఒకటే ఎట్టా అవుతాయమ్మా," అంది నీరజ. దానికి ఇంగ్లీషంటే ప్రాణం. "లైక్ అంటే ఏదో పోలిక ఉందని. నా నవ్వు మేనత్త నవ్వులా ఉందంటావే, అట్టా. సిమిలర్ అంటే దగ్గర దగ్గర. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఐడెంటికల్ అంటే పక్కపక్కన పెట్టినా తేడా పట్టుకోలేం."

"మరి 'అదే' అనాలంటే?"

"సేమ్."

"దానికి దీపం ఏదీ?"

నీరజ నవ్వింది. ఏడ్చి ఏడ్చి ఉన్న మొహంతో నవ్వింది. నేను మాత్రం లోపలికి పోయి డాక్టర్ని అడిగాను. ఆయనా నవ్వాడు. "సేమ్ అని యంత్రం చెప్పలేదమ్మా. పోల్చాలంటే రెండు వస్తువులుండాలి. సేమ్ అంటే ఉన్నది ఒక్కటే. ఒక్కదాన్ని దేనితో పోలుస్తాం?"

ఆ మాట మాత్రం ఆయన సరిగ్గా చెప్పాడు. ఆ తర్వాత చెప్పినవాటిలో అదొక్కటే నాకు పనికొచ్చింది.

పసుపు దీపం వెలిగింది. నేనడిగాను. అదేలే అన్నాడు. రాసేశారు.

*

జలజ లేచి కూర్చుని "అమ్మా" అన్న పూట నేను కేంద్రం గడపకి మొక్కాను. ఆ డాక్టరు కాళ్లకి కూడా మొక్కబోతే మా ఆయన ఆపాడు. ఇప్పుడు తలుచుకుంటే నా చేతుల మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చింది. మొదటి కొన్నాళ్లు నీరసమనుకున్నాం. పెన్ను కుడిచేత్తో పట్టుకునేది, అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చేవి. జడ వేసుకోబోతే పాయలు జారిపోయేవి. జ్వరం పడి లేచిన పిల్ల, చేతులు స్వాధీనంలోకి రావాలిగా అన్నాడు మా ఆయన. నేను కూడా తలూపాను, అది పెన్ను పట్టినప్పుడల్లా మాత్రం చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు కొట్లో గిరాకీ ఉంది. వేటపాలెం నుంచి వచ్చిన ఒకావిడ చిలకాకుపచ్చ చీర పట్టుకుని నాతో తగువు పెట్టుకుంది.

"ఇది సరిపోలేదమ్మా."

"ఎట్టా సరిపోలేదు? సేం టు సేమ్ ఉంటేనూ."

"నీ ట్యూబులైటు కింద అన్నీ సేమే ఉంటాయి. ఎండలోకి రా, చూపిస్తా," అని చీరా ముక్కా పట్టుకుని రోడ్డు మీదకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. నిజమే, ఎండలో ముక్క కాస్త నీలం తిరిగింది. "దగ్గర దగ్గరగా ఉందిలే అక్కా, ఒంటి మీద ఎవరు చూస్తారు," అన్నాను. "నా ఒంటి మీదది నేను చూసుకోనా?" అందావిడ.

లోపలి నుంచి కేక వినపడింది. జలజ కత్తెర కుడిచేత్తో పట్టుకుని గుడ్డ కోయబోయి వేలు తెగ్గోసుకుంది. నీరజ పరుగెత్తి దాని వేలు గుడ్డతో చుట్టి, "ఏందక్కా, నువ్వు ఎడమచేత్తో కదా కోసేది," అని కసిరింది.

జలజ దానివైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. జలజకి లేని మాట, జలజకి లేని ఏడుపు, అన్నీ నీరజవే. "నన్ను అక్కా అంటావేంది? జలజక్కని గదా అనాల్సింది. నేనొచ్చిన దగ్గర్నుంచీ చూస్తన్నా, అందరూ నన్నే జలజా అంటారు, నువ్వేమో అన్నీ కుడిచేత్తో చేస్తావు, మరి జలజక్క ఏదీ? ఎవరూ చెప్పరేంది? పోయిందా?"

వేటపాలెం ఆవిడ చీర మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

కొట్టు షట్టరు దించేశాం. పిల్లని కూర్చోబెట్టి అడిగాను. చెప్పింది. చిన్నప్పుడు వాడరేవు సముద్రానికి తీసుకెళ్లినప్పుడు, మేమంతా ఆటో ఎక్కేసి తనని ఇసుకలో మర్చిపోయామని, జాలరి ముసలాయన ఒకడు భుజాన ఎక్కించుకుని రోడ్డు దాకా తెచ్చాడని, ఆయన దగ్గర చుట్ట వాసన వచ్చిందని.

"అది నేను!" అని నీరజ లేచి నిలబడింది. "ఇసుకలో తప్పిపోయింది నేను. చుట్ట వాసన సంగతి నేనెవరికీ చెప్పలేదు. నీకెట్టా తెలుసు?"

"నేనే కాబట్టి తెలుసు. నువ్వెవరు?"

ఒక మొహం అదే మొహం మీద అరుస్తోంది. మా ఆయన మిషను మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాడు.

అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. ఆ పిల్ల నా చెవి దగ్గరికొచ్చి, నీరజకి వినపడకుండా చెప్పింది. "అమ్మా, జలజక్క పోతే నా వల్లేనమ్మా. దానికి ఒకసారి పెద్ద మార్కులొచ్చినప్పుడు, నువ్వు దాన్నే దగ్గరికి తీసుకున్నావు. ఇది లేకపోతే బావుండునని అనుకున్నాను. ఒక్కసారే."

పక్కనే నీరజ పెదాలు తెల్లబడ్డాయి. వినపడకుండా చెప్పినా దానికి వినపడింది. తన మనసులో తను ఒక్కసారి అనుకుని దాచుకున్న మాట అది. దాన్ని ఇప్పుడు జలజ నోరు నాకు చెబుతోంది. జలజ లేకుండా పోవాలని నీరజ అనుకున్న సంగతిని, అనుకున్నది తనే అన్నట్టు, ఆ జలజ నోరే చెప్పి ఏడుస్తోంది.

ఆ ఇద్దరిలో ఎవరి కన్నీళ్లు ముందు తుడవాలో తెలియక నేను మధ్యలో నిలబడ్డాను.

*

మర్నాడు నలుగురం ఆ కేంద్రానికి వెళ్లాం. ఫణీంద్రగారు బిళ్లలు తెప్పించి చూశాడు. కాగితాలు చూశాడు. పక్కవాళ్లతో ఇంగ్లీషులో గుసగుసలాడాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతుతో మొదలెట్టాడు.

"అమ్మా, ఒక పొరపాటు జరిగింది. జలజ వెనక పుట్టిందని ఆసుపత్రి కాగితంలో ఉంది. వెనక పుడితే చిన్నది కదా అని మావాళ్లు 'చిన్న' బిళ్ల తీశారు. మీ ఇళ్లలో వెనక పుట్టినదాన్ని పెద్దదంటారని మాకెవరూ..."

"పెద్దెవరని మీరే అడిగారు. అది చెయ్యెత్తింది. మీరే రాసుకున్నారు."

"నిజమేనమ్మా. కానీ అదృష్టమేంటంటే, ఐడెంటికల్ ట్విన్స్ కాబట్టి నష్టం చాలా తక్కువ. రెండు ప్రతులూ బాగా సిమిలర్. అందుకే పసుపొచ్చింది. ఎర్రది వచ్చుంటే మేమే ఆపేసేవాళ్లం."

నాకు జీవితంలో మొదటిసారి భయం వెయ్యలేదు. భయం ఉండే చోట ఇంకేదో నిండిపోయింది.

"దగ్గర దగ్గరగా ఉంది, ఒంటి మీద ఎవరు చూస్తారని నేను రోజూ చెబుతాను డాక్టరుగారూ," అన్నాను. "జాకెట్టు ముక్కకి చెబుతాను. నచ్చకపోతే వెనక్కి తెచ్చి నా మొహాన కొడతారు. నేను మార్చి ఇస్తాను. మీరు నా బిడ్డకి చెప్పారు ఆ మాట. పసుపు వెలిగిందని నేనడిగాను. తప్పు జరిగిందని మీ యంత్రం చెప్పింది, నేనూ అడిగాను. ఇద్దరం అడిగితే ఇద్దర్నీ నోరు మూయించారు. నాకు ఇంగ్లీషు రాదనేగా? మరి మీకు వచ్చుగా! ఆ మాటకి అర్థం ఏందో మీకు తెలుసుగా!"

"ఆదిలక్ష్మీ, నిమ్మళంగా," అన్నాడు మా ఆయన.

"నువ్వూరుకో. నిమ్మళంగా ఉంటేనే ఇంత చేశారు."

ఫణీంద్రగారు నుదురు తుడుచుకున్నాడు. దారి ఉందన్నాడు. 'పెద్ద' బిళ్ల భద్రంగా ఉంది. ఇప్పుడు ఈ పిల్ల తలలో ఉన్నదంతా తుడిచేసి, అది రాస్తే, అసలు జలజ తిరిగి వస్తుంది. తొమ్మిదో తరగతి నాటి జలజ.

"తుడిచేస్తే ఈ పిల్ల ఏమవుతుంది?" అంది నీరజ.

"ఈ పిల్ల అంటూ వేరే ఎవరూ లేరమ్మా. నీ ప్రతే కదా. నువ్వున్నావుగా," అన్నాడాయన.

అప్పటిదాకా గోడవైపు తిరిగి కూర్చున్న పిల్ల ఇటు తిరిగింది. "నేను లేనా?" అంది.

డాక్టరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

"నాకు చచ్చేంత భయంగా ఉందమ్మా," అంది నాతో. "నేను నీరజని కాదని అందరూ అంటన్నారు. జలజని కాదని నాకే తెలుసు. కానీ వేలు కోసుకుంటే నొప్పి నాకే పుట్టింది. లేకపోతే ఎవరికి పుట్టింది?"

నేను నీరజవైపు చూశాను. దాని మొహం బిగుసుకుపోయి ఉంది. "నా తల్లోవి నాకే ఉండాలమ్మా," అంది. "నాకు అక్క కావాలి. తుడిపించు."

"నువ్వట్టా అంటావని నాకు తెలుసు," అంది ఆ పిల్ల. "నీ చోట నేనున్నా అదే అంటా."

అప్పుడు నేను డాక్టర్ని ఒక పని అడిగాను. రాసేముందు పోల్చి చూస్తారుగా, ఇప్పుడు పోల్చండి అన్నాను. ఈ పిల్లనీ నీరజనీ. ఆ తర్వాత ఈ పిల్లనీ బిళ్లలోని జలజనీ. దానివల్ల ఉపయోగం లేదన్నాడు. ఉపయోగం నేను చూసుకుంటానన్నాను.

ఇద్దరికీ టోపీలు పెట్టారు. ఎదురెదురుగా కూర్చోబెట్టారు, చిన్నప్పుడు అన్నం తినేటప్పటిలా. యంత్రం చాలాసేపు గుర్రుమంది. ఎర్ర దీపం వెలిగింది.

"లైక్," అంది నీరజ మెల్లగా.

బిళ్లలోని జలజతో పెట్టారు. అదీ ఎర్రదే.

"వింతేం కాదు," అన్నాడు ఫణీంద్రగారు, గొంతు తగ్గించి. "ఎడమచెయ్యి ఒళ్లు, కుడిచెయ్యి జ్ఞాపకం. ఇన్నాళ్లూ ఆ రెండూ కొట్టుకున్నాయి. మెదడు తనకి తను ఇంకో దారి వేసుకుంది. ఇప్పుడు ఇద్దరి పోలికా ఉంది, అంతే."

"మేనత్త పోలికలాగా."

"దాదాపు... అలాగేనమ్మా."

"ఎర్రది వస్తే ఆపేస్తామన్నారుగా. ఆపండి. ఇది నీరజ కాదు, జలజ కాదు. ఇదొక మనిషి. మీరు రెండింటిని పక్కపక్కన పెట్టి చూసుకోండి. నాకు ఏ బిడ్డకాబిడ్డ ఒక్కతే. ఒక్కదాన్ని దేనితో పోలుస్తామని మీరే అన్నారు." నేను ఆ పిల్ల తలమీది టోపీ తీసేశాను. తీగలు తెగాయేమో చూడలేదు. "దీన్ని తుడిస్తే మీరు చంపినట్టు. బిళ్లలోదాన్ని రాయకపోతే నేను చంపినట్టు. ఇట్టాంటి లెక్క ఒక తల్లి ముందు పెట్టారు మీరు. ఇంత చదువు చదివి!"

నేను ఎవర్ని వద్దంటున్నానో నాకు తెలుసు. ఎడమచేత్తో నా కొంగు పట్టుకుని నడిచిన పిల్లని. మాట్లాడకుండా చూసే పిల్లని. చలిగదిలో వేలెడంత గాజుబిళ్లలో ఉంది అది, నేను రమ్మంటే వస్తుంది. రమ్మనలేకపోతున్నాను.

నీరజ వెక్కివెక్కి ఏడ్చింది. దారిపొడవునా ఆ పిల్లతో మాట్లాడలేదు. బస్టాండులో దిగాక మాత్రం, మొహం అటు తిప్పుకునే అంది. "నా పేరు మాత్రం వదిలెయ్. తామరకి పేర్లకి కొదవలేదని నానమ్మ అనేది. అంబుజ అని పెట్టుకో పో."

దెప్పిందనే అనుకున్నాను. కానీ అంబుజ ఆ పేరు వదల్లేదు. ఇప్పుడు గుడ్డ ఎడమచేత్తో కోస్తుంది, లెక్క కుడిచేత్తో రాస్తుంది. వాడరేవు కథ ఎవరిదని ఇద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటారు. ఒకరోజు నీరజ, "సరేలే, చుట్ట వాసన నువ్వుంచుకో," అనడం విన్నాను.

*

ప్రతి ఆదివారం నేను ఆ కేంద్రానికి వెళతాను. రానివ్వకుండా మొదట్లో గేటు దగ్గర ఆపారు. గేటు దగ్గరే కూర్చుని, వచ్చేపోయే తల్లులందరికీ పసుపు దీపం గురించి చెప్పడం మొదలుపెట్టాను. మూడో వారం లోపలికి పంపారు.

చలిగదిలో 'పెద్ద' అని రాసిన అర ముందు ముక్కాలిపీట వేసుకుంటాను. ఇంట్లో సంగతులు చెబుతాను. నానమ్మ మోకాళ్లు, నీరజ మార్కులు, అంబుజ అని నీకొక చెల్లెలుందని, అది నువ్వు లేకుండా పోవాలని ఒకప్పుడు అనుకున్నానని ఏడుస్తుందని, అనుకున్నది అది కాదని.

మొన్న ఫణీంద్రగారు వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడాయన నాతో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు మాటలు వాడడం మానేశాడు.

"అమ్మా, అందులో ఉన్నది జ్ఞాపకాలే. దానికి చెవులుండవు. మీరు చెప్పేది దానికి వినపడదు," అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు.

"దానికి వినపడదని నాకు తెలుసు. మీకు వినపడాలని చెబుతున్నాను," అన్నాను. "కూర్చోండి. ఇంకా చాలా ఉంది."